ఆరు శ్రుతి మిషన్

దొంగ మా షెడ్డు పైరేకు ఒకటి విప్పి లోపలికి దిగాడు. డ్రిల్లింగు మిషన్, కట్టర్, గ్రైండర్, జిగ్‌సా, చిత్రిక మిషన్, ఐదూ సర్దుకుని వచ్చిన దారినే వెళ్ళి, రేకును మళ్ళీ బోల్టులు బిగించి మరీ పోయాడు. వాన పడితే కలప తడుస్తుందని దయతలిచాడు కాబోలు. అంత ఒబ్బిడిగా పనిచేసేవాడు దొంగతనాల్లో ఎందుకున్నాడో నాకు తెలియదు. పగలు వచ్చి అడిగితే నేనే పనిలో పెట్టుకునేవాణ్ణి.

నా పేరు హనోకు. అవనిగడ్డ నుంచి కోడూరు వెళ్ళే దారిలో, కాలువ గట్టు పక్కన మా పేట ఉంది. ముప్పై ఏళ్ళుగా వడ్రంగం చేస్తున్నాను. నాకు కోపం ఎక్కువని పేటలో అందరూ అంటారు. నిజమే, దాచుకునేదేమీ లేదు. పని చెడగొట్టేవాణ్ణి చూసినా, పని చేయకుండా సలహాలు చెప్పేవాణ్ణి చూసినా నాకు మండిపోతుంది.

నా షెడ్డును ఆనుకునే మా గుడి. గుడంటే మావాళ్ళకు చర్చే. రెండింటికీ మధ్య నడుమెత్తు గోడ ఒకటి, గోడ అవతల గుడి కిటికీ. ఆ కిటికీ లోపలే హెప్సిబా అక్క నిలబడి పాట ఎత్తుకునే చోటు. అక్కకు అరవై ఆరేళ్ళు. అంగన్‌వాడీలో పిల్లలకు పాటలు నేర్పి రిటైరైంది. రెండు గేదెలున్నాయి, పింఛను వస్తుంది, ఎవరికీ చెయ్యి చాపదు. అయినా వారంలో ఆరు రోజులూ ఆమె ఆదివారం కోసమే బతుకుతుందని పేటలో అందరికీ తెలుసు. ఆరాధనలో మొదటి కీర్తన ఎత్తుకోవడం నలభై ఏళ్ళుగా ఆమె పని.

ఇక్కడ ఒక రహస్యం చెప్పాలి. ఇరవై రెండేళ్ళ కిందట, బందరు గిలకలదిండిలో పడవలు కట్టే మేస్త్రి ఒకాయన పని మానేస్తుంటే, ఆయన దగ్గర ఆ చిత్రిక మిషన్ పాతదే కొన్నాను. జపాన్ సరుకు. కొన్న కొత్తలో ఒక పెళ్ళివారి తలుపులు ఆలస్యమయ్యాయి. ఆదివారం పని చేయకూడదని తెలిసి కూడా, ఆరాధన మొదలయ్యే రెండో గంట కొట్టాక అందరూ లోపలికి వెళ్ళారు కదా అని స్విచ్చి నొక్కాను. నొక్కాక సిగ్గేసింది. పది లెక్కపెట్టేలోపే ఆపేశాను. మోటారు శబ్దం మెల్లగా తగ్గిపోతుండగా, అది మొదట పలికిన స్వరం మీదే గుడి కిటికీలోంచి హెప్సిబా అక్క గొంతు లేచింది. చేతిలో పని అలాగే వదిలేసి పాట అయ్యేదాకా నిలబడిపోయాను.

మరుసటి ఆదివారం షెడ్డులోనే ఉన్నా బుద్ధిగా మిషన్ జోలికి పోలేదు. రెండో గంట కొట్టారు. గుడిలో నిశ్శబ్దం. ఎవరో దగ్గారు, ఎవరో పిల్లను కసిరారు. పాట రాదు. కిటికీలోంచి చూస్తే అక్క కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. అందరూ ఆమె ప్రార్థన చేసుకుంటోందనుకున్నారు. నాకు మాత్రం ఆమె దేనికోసం ఆగిందో తెలిసిపోయింది. వెళ్ళి స్విచ్చి నొక్కి, పది లెక్కపెట్టి ఆపాను. పాట లేచింది.

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే. ఇరవై రెండేళ్ళలో దాని గురించి ఆమె నాతో ఒక్క మాట అనలేదు, నేనూ అడగలేదు. గుడికి అయిదుగురు పాస్టరు అయ్యగార్లు మారారు. వచ్చిన ప్రతి అయ్యగారూ విశ్రాంతి దినాన ఆ మోతేమిటని అడిగారు. సముద్రపు గాలికి మోటారు పట్టేస్తుందండీ, రోజూ ఒకసారి తిప్పాలండీ అని అబద్ధం చెప్పాను. నమ్మారు. ఈ పని వల్ల ఇరవై రెండేళ్ళుగా మొదటి కీర్తనప్పుడు నేను గుడిలో లేను. పాట అయ్యాక పొట్టు దులుపుకుని వెళ్ళి చివరి బెంచీలో కూర్చునేవాణ్ణి. ఆలస్యం హనోకు అని పేరు పెట్టారు. పెట్టుకోనీ అనుకున్నాను.

ఆ నిమిషం అంటే నాకు ప్రాణం. ఉదయపు ఎండ రేకుల బోల్టు కంతల్లోంచి సన్నని తాళ్ళుగా దిగేది. ఆ వెలుగులో వేప పొట్టు, టేకు పొట్టు నెమ్మదిగా తేలుతూ ఉండేవి. మిషన్ నా అరచేతుల్లో వణికేది. ఆపగానే ఆ వణుకు చేతుల్లోంచి తీసేసుకున్నట్టు అక్క పాట మొదలయ్యేది. అప్పుడు నేను షెడ్డులో ఉన్నానో, కాలువ మీద పడవలో ఉన్నానో, చిన్నప్పుడు మా అమ్మ పక్కన చాప మీద ఉన్నానో నాకే తెలిసేది కాదు.

ఒక్కటే చిరాకు ఉండేది. చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లన్నీ ఒకేసారి తిప్పే రోజుల్లో ఓల్టేజీ పడిపోయేది. మిషన్ గొంతు బొంగురుపోయి కిందికి దిగేది. అక్క ఆ దిగిన చోటే ఎత్తుకునేది. ఆ ఆదివారాలు ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటూ బయటికి వచ్చేవాళ్ళు. అయ్యగారి ప్రసంగం బాగుందేమో అనుకునేవాణ్ణి. నాకు మాత్రం నా మిషన్ చోటు తప్పిందని రోజంతా మనసు బాగుండేది కాదు.

దొంగతనం జరిగింది గురువారం. స్టేషన్‌లో కాగితం రాసిచ్చి వచ్చాను. ఆదివారం రెండో గంట కొట్టినప్పుడు ఖాళీ షెడ్డులో నిలబడి ఉన్నాను. చేతులు ఏం చేయాలో తెలియక చొక్కా గుండీలు సరిచేసుకున్నాను. కిటికీ అవతల అక్క కళ్ళు మూసుకుని నిలబడింది. చాలాసేపు ఆగింది. చివరికి తనే ఎత్తుకుంది. కంగారులో మామూలుకన్నా పైన ఎత్తుకుంది. రెండో చరణం దగ్గర గొంతు జీరపోయి ఆగిపోయింది. మరుసటి వారం అంతకన్నా ఘోరం. మొదటి చరణమే దాటలేదు. ఆమె పుస్తకం మూసి కూర్చుంటే అయ్యగారు గబగబా ప్రార్థన మొదలెట్టారు.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద అబ్రహాము గారు నా దగ్గరికి వచ్చారు. మంచి మనిషి, అదే ఇబ్బంది. చెడ్డవాడైతే పోట్లాడేవాణ్ణి.

"అక్కను ఇంకా కష్టపెట్టడం న్యాయం కాదు హనోకూ. మా కోడలికి కీబోర్డు వచ్చు. ఒకటి కొనాలనుకుంటున్నాం. వచ్చే ఒక్క ఆదివారం చూసి, ఇట్టాగే ఉంటే అక్కకు దండ వేసి, శాలువా కప్పి, విశ్రాంతి తీసుకోమందాం."

"ఆవిడ అడిగిందా విశ్రాంతి?" అన్నాను.

"నీకెందుకయ్యా అంత కోపం? నువ్వెప్పుడన్నా మొదటి పాటకి ఉంటేగా."

అక్క అప్పటికే గేటు దాటి వెళ్తోంది. ఎప్పుడూ చంకలో పెట్టుకునే కీర్తనల పుస్తకాన్ని ఆ రోజు చేతిలో వేలాడేసుకుని నడుస్తోంది. ఇంక నాకు మిగిలింది ఆరు రోజులు. ఆలోపల ఆ మిషన్ గొంతు ఎక్కడున్నా వెతికి తేవాలనుకున్నాను.

సోమవారం బందరు బస్సెక్కాను. ఆ జపాన్ మిషనే కొత్తది కొనే స్తోమత నాకు లేదు. ఇప్పుడందరూ చైనా నుంచి దిగే చౌక సరుకే కొంటున్నారు. పెట్టె మీద పేరు చదవడానికి నోరు తిరగదు గాని పని చేస్తున్నాయి. నా భయం పని గురించి కాదు. పాత మిషన్ స్వరం నా తలలో ఉంది, దాన్ని పోగొట్టుకోకూడదు. ఇరవై రెండేళ్ళు రోజూ వినే చప్పుడును ఎవరు రికార్డు చేసుకుంటారు? అందుకని పెదవులు మూసి సన్నగా ఆ స్వరమే కూనిరాగం తీస్తూ కూర్చున్నాను. కండక్టరు ఎక్కడికని అడిగితే వేలితో ముందుకు చూపించాను. మూగవాడనుకుని చాలా మర్యాదగా టికెట్టిచ్చాడు.

బందరు కొట్లో డ్రిల్లింగు మిషన్, కట్టర్, గ్రైండర్, జిగ్‌సా తీసుకున్నాను. వాటి గొంతుతో నాకు పని లేదు. చిత్రిక మిషన్ మాత్రం మూడు రకాలు తిప్పి చూపించమన్నాను. మొదటిది కీచుమంది. రెండోది ఇంకా కీచుమంది. మూడోదాన్ని తిప్పగానే నా తలలోని స్వరం చెదిరిపోతుందేమోనని చెవులు మూసుకుని బయటికి పరుగెత్తాను. కొట్టతను వెర్రివాణ్ణి చూసినట్టు చూశాడు. గుడివాడలో శోభనాద్రి గారి దగ్గర రకాలు ఎక్కువుంటాయని చెప్పి వదిలించుకున్నాడు.

గుడివాడ రైలు దాదాపు ఖాళీగా ఉంది. నాలుగు మిషన్ల పెట్టెలు కాళ్ళ దగ్గర పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాను. కోతలైన చేలు, చెరువులు, మళ్ళీ చేలు. చెరువుల మీద ఎండ తళతళలాడుతోంది. రైలు చక్రాలు కూడా ఏదో ఒక శ్రుతిలోనే పోతున్నాయి. నేను కూనిరాగం ఆపకుండా తీస్తూ, ఎప్పుడు నిద్రపోయానో తెలియదు. కలలో మా గుడి నీళ్ళ మీద తేలుతోంది. అక్క కిటికీలో నిలబడి నావైపు చూస్తోంది. నేను ఒడ్డున మిషన్ కోసం పొట్టు కుప్పలన్నీ వెతుకుతున్నాను. గుడివాడ వచ్చిందని ఎవరో భుజం తట్టారు. లేవగానే భయంతో గొంతు సవరించుకుని చూసుకున్నాను. స్వరం ఉంది.

శోభనాద్రి గారు నా వయసువాడే. నుదుట విభూతి, కళ్ళజోడు తాడుకు కట్టి మెడలో వేసుకున్నాడు. మిషన్లు తిప్పి చూపించమన్నాను. ఒక్కొక్కటీ తిప్పాడు. ఒక్కోదానికీ నేను తల అడ్డంగా ఊపాను. నాలుగోదానికి ఆపేశాడు.

"మేస్త్రి గారూ, మీరు పవరు అడగట్లేదు, బ్లేడు అడగట్లేదు. ఇంతకీ మీరు దేనికోసం వింటున్నారండీ?"

ఎవరికీ చెప్పని సంగతి ఊరుకాని ఊళ్ళో, ముఖపరిచయం లేని మనిషికి చెప్పేశాను. ఆయన నవ్వలేదు. కూనిరాగం ఒకసారి తీయమన్నాడు. తీశాను. కళ్ళు మూసుకుని విన్నాడు.

"ఆరు శ్రుతండీ," అన్నాడు. "మాది కూచిపూడి దగ్గర. మా నాన్న మేళంలో హార్మోనీ వాయించేవాడు. నాకు వాయించడం రాలేదు గాని చెవి మాత్రం వచ్చింది. పాడే ఆవిడకు వయసెంతండీ?"

"అరవై ఆరు."

"ఆరు శ్రుతి ఆ వయసుకు కాస్త..." అని ఆగాడు.

"మా అక్క సంగతి మీకు తెలియదండీ," అన్నాను కొంచెం గట్టిగానే. "ఇరవై రెండేళ్ళుగా అక్కడే పాడుతోంది."

"సరే, మీ ఇష్టం," అని లోపలికి వెళ్ళి ఒక చిన్న పెట్టె తెచ్చాడు. అది చిత్రిక మిషన్ కాదు. బల్లల అంచులకు నగిషీ తీసే రౌటర్. దాని నెత్తి మీద ఒకటి నుంచి ఆరు దాకా అంకెలున్న చిన్న చక్రం ఉంది. "ఇది కూడా చైనాదేనండీ. చక్రం తిప్పితే వేగం మారుద్ది. వేగం మారితే గొంతూ మారుద్ది. చిత్రికకు మీకు నచ్చిన చౌకది ఒకటి తీసుకోండి. శ్రుతికి ఇది తీసుకోండి."

స్విచ్చి నొక్కి చక్రం మెల్లగా తిప్పాడు. గొంతు కింద మొదలై పైకి జరుగుతూ వచ్చింది. రెండు దాటాక ఒకచోట నా తలలోని స్వరమూ దాని స్వరమూ ఒకటైపోయాయి. నేను చెయ్యెత్తాను. ఆయన జేబులోంచి పెన్సిలు తీసి అక్కడ గీత పెట్టాడు. కొట్లో ఉన్నవాళ్ళ ముందే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను దాచుకోలేదు.

వారమంతా నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. రోజూ ఒకసారి రౌటర్ తిప్పి గీత చూసుకునేవాణ్ణి. ఒకరోజు సాయంత్రం పని లేకపోయినా గుడి బెంచీకి పగిలిన అంచు ఒకటి దానితో నున్నగా తీశాను. శనివారం, పొద్దు వాలుతుండగా, షెడ్డు గుమ్మంలో నీడ పడింది. తల ఎత్తితే హెప్సిబా అక్క. ఇరవై రెండేళ్ళలో ఆమె నా షెడ్డులోకి రావడం అదే మొదటిసారి.

"వందనాలు హనోకూ," అంది. "నాలుగు రోజులుగా ఏదో మోగుతుంటే ఇంటిదగ్గరికి వినబడుతోంది. అదేనా?"

నేను గర్వంగా రౌటర్ తీసి బల్ల మీద పెట్టాను. గీత చూపించాను. బందరు, గుడివాడ, శోభనాద్రి గారు అంతా చెప్పి స్విచ్చి నొక్కాను. అచ్చం పాత మిషన్ గొంతే. ఆమె ముఖం వెలుగుతుందని చూస్తున్నాను. ఆమె ముఖంలో సంతోషం లేదు. అలసట ఉంది. బస్సు ఎక్కలేని మనిషి ఎత్తు మెట్టును చూసినట్టు ఆ మిషన్ వైపు చూసింది.

"అదేగా అక్కా?" అన్నాను.

"అదే," అంది. తర్వాత చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది. "ఆ చక్రాన్ని తగ్గించొచ్చా?"

తగ్గించాను.

"ఇంకొంచెం."

ఇంకొంచెం తిప్పాను. రెండు దాటి వెనక్కి వచ్చింది. ఒకటికి దగ్గరగా, ఓల్టేజీ పడిపోయిన ఆదివారాల్లో పాత మిషన్ పలికిన చోటికి వచ్చాక ఆమె నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. కళ్ళు మూసుకుంది. మొదటి పాదం మాత్రం సన్నగా పాడింది. ఆ గొంతులో జీర లేదు, ఎక్కడా ఒత్తిడి లేదు. బావిలో నీళ్ళు కదిలినట్టు లోపల్నుంచి వచ్చింది. రేకు కింద పొట్టు ఇంకా తేలుతూనే ఉంది.

"ఇదీ నా చోటు," అంది. "పదేళ్ళయింది హనోకూ. నీ మిషన్‌ని అందుకోలేక శనివారం వస్తే భయమేసేది. మిరియాలు నమిలేదాన్ని. కరెంటు తగ్గిన వారం మాత్రం దేవుడు దయతలిచాడనుకునేదాన్ని."

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. "ఒక్కమాట నాతో చెప్పొచ్చుగా అక్కా," అన్నాను.

"ఎట్టా చెప్పనయ్యా? ఆదివారం పూట, నలుగురూ తిడుతున్నా, నాకోసం మిషనేసేవాడివి. నా పాటకోసం ఒక మనిషి అంత చేస్తుంటే, అది నాకు ఎక్కువైపోయిందని ఎట్టా చెప్పను? అయినా పాతదానికి తగ్గించే చక్రముందా?"

లేదు. దానికి ఒకటే గొంతు. ఆమె కోసమని నేను పెట్టిన ఆ స్వరాన్ని మోయలేక పదేళ్ళు ఆమె మిరియాలు నమిలింది. నేనేమో గోడ ఇవతల నిలబడి, కళ్ళు మూసుకుని, నాదేదో గొప్ప సేవ అనుకున్నాను. దొంగ నా మిషన్ ఎత్తుకెళ్ళకపోతే నాకు ఈ జన్మలో తెలిసేది కాదు. శోభనాద్రి గారి గీత చెరిపి, కొత్త చోట పెన్సిలుతో గీత పెట్టాను. గీత వంకరగా వచ్చింది. అక్క చూసి నవ్వి, కీర్తనల పుస్తకం చంకలో పెట్టుకుని వెళ్ళింది.

ఆదివారం మొదటి గంట అయింది. అబ్రహాము గారు శాలువా ఉన్న సంచి తెచ్చి ముందు బెంచీలో పెట్టుకోవడం కిటికీలోంచి చూశాను. రౌటర్ ప్లగ్గు పెట్టి, చక్రం వంకర గీత దగ్గర ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. రెండో గంట కొట్టారు. స్విచ్చి మీద వేలు పెట్టాను.

నొక్కేలోపే పాట మొదలైంది.

ఆమె ఆగలేదు. కళ్ళు మూసుకోలేదు. నిన్న దొరికిన చోటును రాత్రంతా గొంతులో దాచుకుని తెచ్చుకున్నట్టుంది. మిషన్ లేకుండా సరిగ్గా అక్కడే ఎత్తుకుంది. మొదటి చరణం దాటింది, రెండోది దాటింది. ఇన్నేళ్ళూ పెదవులు మాత్రమే కదిపిన మగవాళ్ళు కూడా ఆ కింది శ్రుతిలో గొంతు కలిపారు. కిటికీలోంచి ఆ పాట షెడ్డులోకి నిండుగా వచ్చి నా చుట్టూ నిలబడింది. నా వేలు ఇంకా స్విచ్చి మీదే ఉంది. దానితో ఇక పని లేదని అర్థమవడానికి నాకు కాసేపు పట్టింది. అర్థమయ్యాక బాధేసింది, అది చెప్పడానికి నాకు సిగ్గు లేదు. ఆ బాధ వెనకే ఇంత సంతోషం ఎక్కడినుంచి వచ్చిందో మాత్రం చెప్పలేను.

ప్లగ్గు తీసేశాను. చేతులు తుడుచుకోకుండానే గోడ దాటి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వెళ్ళాను. ఈ రోజు చివరి బెంచీ ఎందుకని ముందుకెళ్ళి అబ్రహాము గారి పక్కన నిలబడ్డాను. ఆయన నన్ను ఆశ్చర్యంగా చూసి, శాలువా సంచి తీసి బెంచీ కిందికి తోసి, నాకు చోటిచ్చారు. ఇరవై రెండేళ్ళ తర్వాత మొదటి కీర్తన నేను గుడిలో నిలబడి పాడాను. మూడో చరణం నుంచి.